పోగు సన్నబడితే చాలునా?
గాయపు కట్లు, నానోపోగులు, నాటింగ్‌హామ్ నేర్పే పాఠం

నాటింగ్‌హామ్ అనగానే తెలుగు పిల్లలకు సైతం రాబిన్‌హుడ్, షెర్‌వుడ్ అడవి జ్ఞాపకం రావటం సహజం. కాని ఈ నగర చరిత్ర విల్లంబులది కాదు, దారానిది. ఇక్కడికి సమీపంలోని కాల్వర్టన్ గ్రామంలో విలియం లీ అనే మతగురువు 1589లో మేజోళ్లు అల్లే యంత్రాన్ని రూపొందించాడని ప్రతీతి. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1768లో ఈ ఊరు చేరి, గుర్రాలతో నడిచే తన తొలి నూలు మిల్లును ఇక్కడే నెలకొల్పాడు. 1813లో జాన్ లీవర్స్ తయారుచేసిన యంత్రంతో నాటింగ్‌హామ్ లేసు ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. నగరం నడుమ లేస్ మార్కెట్ అనే పేటలో నేటికీ నిలిచి ఉన్న ఎర్ర ఇటుకల భవనాలు ఆ వైభవానికి సాక్ష్యాలు.

అదే నగరంలో, ఆ దారపు కథకు కొనసాగింపు అనదగిన మరొక కథ ప్రయోగశాలల్లో నడుస్తున్నది. ఇందులోని పోగు కంటికి కనిపించదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ పోగు మందం అర మైక్రాను. అంటే 500 నానోమీటర్లు. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రపరచి వడికే పొందూరు సన్న నూలును చూసి మురిసిపోయే తెలుగువారికి, ఆ నూలులోని ఒక్కొక్క పత్తి పీచు కంటె ఇది ఎన్నో రెట్లు సన్ననిదంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఇటువంటి పాలిమర్ పోగులతో అల్లిన పలుచని పొరలను మానని గాయాలకు కట్లుగా వాడవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఆశ.

ఈ ఆశ సమంజసమైనదే. అయితే దానిని ఏ కొలబద్దతో కొలవాలి? ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం అది.

గాయం చిన్నది, భారం పెద్దది

ఆరోగ్యవంతుని చర్మం మీది గాయం కొద్ది వారాల్లో మానుతుంది. మధుమేహం వల్ల పాదాల నరాలు మొద్దుబారినవారికి, కాలి సిరలు బలహీనపడినవారికి, మంచం పట్టిన వృద్ధులకు ఆ గాయమే నెలల తరబడి మానని పుండు అవుతుంది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ 2012-13లో 22 లక్షల గాయాలకు చికిత్స చేసిందని, గాయాలకూ వాటితో ముడిపడిన అనారోగ్యాలకూ అయిన ఖర్చు సుమారు 530 కోట్ల పౌండ్లని జూలియన్ గెస్ట్ బృందం 2015లో లెక్కగట్టింది. అదే బృందం 2017-18 సంవత్సరానికి వేసిన లెక్కలో రోగుల సంఖ్య 38 లక్షలకు, వ్యయం 830 కోట్ల పౌండ్లకు చేరింది. ఇందులో కట్టు గుడ్డ ఖరీదు స్వల్పం. సింహభాగం నర్సుల సమయానికి, డాక్టర్ల సందర్శనలకు, ఆసుపత్రి పడకలకు పోతున్నది.

భారతదేశంలో మధుమేహ రోగులు 10 కోట్ల 10 లక్షలని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీరిలో చిన్న భాగానికి పాదాల పుండ్లు వచ్చినా ఆ సంఖ్య లక్షల్లో ఉంటుంది. కాలు పోతే కుటుంబం నడక ఆగిపోతుంది. కాబట్టి గాయపు కట్టును గురించిన చర్చ ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు.

పక్కు కట్టాలా, తడి ఉండాలా?

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పద్నాలుగు రకాల కట్లను వర్ణించి, వాటికి నార, నూలు, ఉన్ని, పట్టు మొదలైన వస్త్రాలను పేర్కొన్నారు. కట్టుకు ఏ వస్త్రం తగునన్న ఆలోచన అంత పాతది. ఐతే జనసామాన్యంలో స్థిరపడిన నమ్మకం వేరు. గాయానికి గాలి తగలాలి, అది ఆరాలి, పక్కు కట్టాలి, అప్పుడే మానుతుంది అని తెలుగునాట పెద్దలు చెప్పేవారు. యూరప్ వైద్యులలోనూ చాలామంది ఇంచుమించు ఇదే అనుకునేవారు.

ఈ నమ్మకాన్ని కదిలించినవాడు జార్జ్ వింటర్. 1962లో నేచర్ పత్రికలో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసం గాయ చికిత్స దిశను మార్చింది. పంది పిల్లల చర్మంపై పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి చూడగా, కప్పి తడిగా ఉంచిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. కారణం సులభగ్రాహ్యం. కొత్త చర్మకణాలు తడి నేలపై పాకగలవు. ఎండి గట్టిపడిన పక్కు ఉంటే దాని అడుగున దారి తొలుచుకుంటూ పోవాలి. మరుసటి సంవత్సరమే హిన్‌మన్, మైబాక్ మనుష్యులలో ఇదే విషయాన్ని ధ్రువపరిచారు.

అప్పటి నుండి మంచి కట్టుకు ఉండవలసిన లక్షణాలు స్పష్టమయ్యాయి. గాయాన్ని తడిగా ఉంచాలి, కాని ముంచెత్తకూడదు. ఊరే రసిని పీల్చాలి. బాక్టీరియాను రానీయకూడదు. విప్పేటప్పుడు కొత్త చర్మాన్ని పెరికివేయకూడదు. ఈ నాలుగింటినీ ఒకే వస్త్రంలో సాధించటం కోసమే ఇన్ని దశాబ్దాల పాలిమర్ రసాయన శాస్త్రం శ్రమిస్తున్నది.

విద్యుత్తుతో వడికే రాట్నం

నానోపోగులను తయారుచేసే పద్ధతిని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. విద్యుత్తుతో నూలు వడకటం అని చెప్పుకోవచ్చు. పాలిమర్‌ను ద్రావణిలో కరిగించి, సిరంజిలో నింపి, సూది గుండా మెల్లగా నెడతారు. సూదికి పది నుండి ముప్పై వేల వోల్టుల విద్యుత్ పీడనం కలుపుతారు. సూది కొనన వేలాడే బొట్టు విద్యుదావేశంతో శంకువులా సాగుతుంది. ఈ శంకువు ఆకారాన్ని గణితంతో వివరించినవాడు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జి.ఐ. టేలర్ (1964), అందుకే దానికి టేలర్ శంకువు అని పేరు. శంకువు కొన నుండి సన్నని ధార వెలువడి, కొరడా ఝళిపించినట్లు మెలికలు తిరుగుతూ సాగుతుంది. ఈలోగా ద్రావణి ఆవిరై, పదిపదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉన్న లోహపు పలకపై పొడి పోగు చాపలా పరచుకుంటుంది.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1934లోనే ఆంటన్ ఫార్మ్‌హాల్స్ దీనికి పేటెంటు పొందాడు. 1990లలో అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనేకర్ బృందం దీనికి పునర్జన్మ ఇచ్చింది. ఆ తరువాత ఈ రంగానికి ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చినవారిలో శీరం రామకృష్ణ అగ్రగణ్యులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు, మద్రాసు ఐ.ఐ.టి.లో ఉన్నత విద్య, కేంబ్రిడ్జిలో డాక్టరేటు ముగించి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ఆయన, 2003లో సహచరులతో కలిసి రాసిన నానోపోగుల సమీక్షా వ్యాసం ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులెందరికో తొలి పాఠమైంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగిస్తుంది. సూది నుండి గంటకు ఒక మిల్లీలీటరు ద్రావణం వస్తుందని, అందులో పదో వంతు పాలిమర్ ఉందని అనుకుందాం. గంటకు లభించే పోగు బరువు గ్రాములో పదో వంతు మాత్రమే. కాని అర మైక్రాను మందంలో దాని పొడవు సుమారు 400 కిలోమీటర్లు. నాటింగ్‌హామ్ నుండి లండన్ వెళ్లి తిరిగి వచ్చినంత. అరచేయంత కట్టుకు, అంటే పది సెంటీమీటర్ల చదరానికి, చదరపు మీటరుకు 20 గ్రాముల చొప్పున 0.2 గ్రాముల పోగు కావాలి. అంటే ఒక్క సూదికి రెండు గంటల పని! అనేక సూదులు గల యంత్రాలు, అసలు సూదులే లేని యంత్రాలు వచ్చి వేగం పెరిగిన మాట నిజం. అయినా లేసు యంత్రంతో పోలిస్తే ఇది నేటికీ తాబేలు నడకే.

ఈ పోగులో ఉన్న మహిమ

ఇంత శ్రమ ఎందుకు? శరీరంలో కణాలు నిలబడే నేల కూడ పోగుల వలయే కాబట్టి. చర్మంలోని కొల్లాజెన్ పోగుల మందం సుమారు 50 నుండి 500 నానోమీటర్లు. అదే కొలతలో కృత్రిమ పోగులు పరిస్తే, చర్మకణాలు పరిచితమైన చోటికి వచ్చినట్లు అతుక్కొని విస్తరిస్తాయి. పోగుల మధ్య సందులు చిన్నవి కావటంతో తేమ ఆవిరిగా పోగలదు, గాలి ఆడగలదు, బాక్టీరియా ప్రవేశం మాత్రం కష్టమవుతుంది. పోగు లోపల ఔషధాన్ని ఇమిడ్చి మెల్లమెల్లగా విడుదల చేయవచ్చు. పాలికాప్రోలాక్టోన్, పాలిలాక్టిక్ ఆమ్లం, జెలటిన్, కైటోసాన్ వంటివి ఇందుకు విరివిగా వాడబడుతున్నాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఫెలిసిటీ రోజ్ ప్రభృతులు ఇటువంటి పోగుల చాపలపై శ్వాసనాళపు కణాలను పెంచి చూపారు.

అదే విశ్వవిద్యాలయంలో మోర్గన్ అలెగ్జాండర్, మార్టిన్ డేవిస్, పాల్ విలియమ్స్ ప్రభృతులు, అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు రాబర్ట్ లాంగర్, డేనియల్ ఆండర్సన్‌లతో కలిసి, 2012లో మరొక విశేషాన్ని ప్రకటించారు. వందలాది పాలిమర్లను గాజు పలకలపై చుక్కలుగా అచ్చువేసి, బాక్టీరియా దేనికి అతుక్కోదో వెదికారు. కొన్ని పాలిమర్లకు బాక్టీరియా చాలా తక్కువగా అతుక్కున్నది. విశేషమేమంటే ఆ పాలిమర్లు బాక్టీరియాను చంపవు, నిలవనీయవు, అంతే. ఔషధంతో చంపబోతే బతికి బయటపడిన బాక్టీరియా మొండికెత్తుతుంది. నిలువ నీడ ఇవ్వకపోవటం అంతకంటె వివేకవంతమైన ఉపాయం. ఆ కుటుంబానికి చెందిన పూత తరువాత మూత్రపు కెథీటర్లపైకి వచ్చింది. ఇటువంటి పాలిమర్‌ను పోగుగా వడికి కట్టులో చేర్చగలిగితే మేలు జరగవచ్చునని ఆశించటం అత్యాశ కాదు.

నాటింగ్‌హామ్ చెప్పిన రెండవ మాట

అయితే ఇదే నగరం మరొక మాట కూడ చెప్పింది. ఆ మాటను ప్రయోగశాలలు తగినంత శ్రద్ధగా వినలేదు.

నాటింగ్‌హామ్ ఆసుపత్రికి చెందిన మధుమేహ వైద్యుడు విలియం జెఫ్‌కోట్ నాయకత్వంలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. బ్రిటన్‌లో పాదాల పుండ్లు మానని 317 మంది మధుమేహ రోగులను మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి అతుక్కోని సాదా విస్కోస్ అల్లిక కట్టు. రెండవ వర్గానికి అయోడిన్ పట్టించిన కట్టు. మూడవ వర్గానికి రసిని పీల్చి జెల్లీగా మారే ఆధునిక సెల్యులోజ్ పీచు కట్టు. 24 వారాల తరువాత చూస్తే, మానిన పుండ్ల శాతంలో గాని, మానటానికి పట్టిన కాలంలో గాని మూడింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఖర్చులో మాత్రం కనిపించింది. ఆధునిక కట్టుకు అయిన వ్యయం సాదా కట్టు కంటె సుమారు మూడు రెట్లు.

విలియం లీ యంత్రానికి వారసత్వంగా వచ్చిన మామూలు అల్లిక గుడ్డ, ఇరవయ్యో శతాబ్దపు చివరి పాలిమర్ పీచుతో సమానంగా నిలిచింది! పరిశోధకులకు ఇది అవమానం కాదు, హెచ్చరిక. సాదా గుడ్డను ఓడించగలిగినప్పుడే కొత్త కట్టుకు గౌరవం.

కొత్తదనమంతా వ్యర్థమని దీని అర్థం కాదు. 2018లో రెండు పరీక్షలు ఆశాజనకమైన ఫలితాలిచ్చాయి. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ పట్టించిన కట్టు వాడిన మధుమేహ రోగులలో 20 వారాలకు 48 శాతం మందికి పుండు మానగా, ఆ మందు లేని అదే రకం కట్టుతో 30 శాతం మందికే మానింది. రెండవ పరీక్షను డర్బీ వైద్యురాలు ఫ్రాన్సెస్ గేమ్, నాటింగ్‌హామ్ వైద్యుడు జెఫ్‌కోట్ తదితరులు నడిపారు. రోగి రక్తాన్నే గిరగిర తిప్పి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ కలిసిన బిళ్లగా చేసి పుండుపై పెట్టారు. 20 వారాల్లో మానినవారు 34 శాతం. మామూలు చికిత్సతో 22 శాతం. ఫైబ్రిన్ అంటే ఏమిటి? రక్తం గడ్డకట్టేటప్పుడు శరీరం స్వయంగా అల్లే నానోపోగుల వలయే. ప్రకృతి రాట్నం ముందు మనిషి రాట్నం ఇంకా శిష్యదశలోనే ఉన్నదని అనిపించటం లేదా?

ఎలుక మాని మనిషి మాననప్పుడు

ప్రతి సంవత్సరం నానోపోగు కట్లపై లెక్కకు మిక్కిలి పరిశోధన పత్రాలు వెలువడుతున్నాయి. వాటిలో అత్యధిక భాగం ఎలుకల వీపులపై ముగుస్తాయి. ఎలుక చర్మం అడుగున కండర పొర ఒకటి ఉండి, గాయం అంచులను దగ్గరకు లాగి మూసివేస్తుంది. మనిషి గాయం ప్రధానంగా కొత్త కణజాలం పెరిగి మానాలి. పైగా ఆ ఎలుక పడుచుది, గాయం తాజాది. క్లినిక్‌కు వచ్చే రోగికి డెబ్బై ఏళ్లు, పుండుకు ఏడు నెలలు. ఈ రెండింటికీ పోలిక ఎక్కడ? జార్జ్ వింటర్ ఎలుకను కాక పందిని ఎంచుకోవటంలో ఎంత వివేకం ఉన్నదో ఇక్కడ తెలుస్తుంది.

మరికొన్ని చిక్కులు రసాయన శాస్త్రానికి సంబంధించినవి. పాలిమర్లను కరిగించే క్లోరోఫారం, డైమిథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావణులు విషపూరితాలు; పోగులో అవి ఏ మాత్రం మిగిలినా ప్రమాదమే. పోగులో ఇమిడ్చిన ఔషధం మెల్లగా విడుదల కావలసింది తొలి కొద్ది గంటల్లోనే చాలావరకు బయటపడిపోవటం పరిపాటి. బాక్టీరియాను ఆపే చిన్న సందులే కొత్త కణాలు లోపలికి పోకుండ అడ్డుపడతాయి. వీటికి పరిష్కారాలు లేకపోలేదు. విద్యుత్తుతో వడికిన కృత్రిమ పోగుల కట్టు ఒకటి 2017లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొంది చికిత్సలో ప్రవేశించింది. కాని దారి కనుగొనటం వేరు, అందరికీ అందే ధరకు తేవటం వేరు.

1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు అల్లిక పనివారు యంత్రాలను పగులగొట్టారు. వారే లడ్డైట్లు. వారు యంత్రద్వేషులని లోకం అపోహపడింది. తక్కువ కూలికి, నాసిరకపు మేజోళ్లను గుట్టలుగా తయారుచేయటంపైనే వారి కోపం ప్రధానంగా ఉండేది. రెండు శతాబ్దాల తరువాత నానోపోగుల విషయంలోనూ ప్రశ్న అదే. పోగు ఎంత సన్నగా ఉన్నదన్నది కాదు. అది ఎవరి పుండును, ఎంత ఖర్చుతో, సాదా గుడ్డ కంటె ఎంత త్వరగా మాన్పుతుంది?

కాబట్టి పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు మూడు నియమాలు పాటించటం న్యాయం. మొదటిది, కొత్త కట్టును ఏ కట్టూ లేని గాయంతో కాక, ధర తక్కువైన మంచి కట్టుతో పోల్చాలి. రెండవది, పాలిమర్‌ను ఎంచుకునే రోజునే దాని ధర, ద్రావణి, శుద్ధి చేసే విధానం ఆలోచించాలి. మూడవది, పత్రాల సంఖ్యను కాక రోగుల పరీక్షలను పురోగతికి గుర్తుగా లెక్కించాలి.

తెలుగునాట అవకాశం

ఈ నియమాలు తెలుగునాటికి మరింత వర్తిస్తాయి. భారతదేశంలో రొయ్యల పెంపకంలో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానం. భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల శుద్ధి తరువాత మిగిలే పెంకు నుండే కైటిన్, దాని నుండి కైటోసాన్ లభిస్తాయి. రక్తస్రావాన్ని ఆపే కట్లలో కైటోసాన్ ఇప్పటికే వాడుకలో ఉంది; పలుచని ఆమ్లపు నీటిలోనే కరిగే గుణం దానికి ఉంది. దానిని ఒంటరిగా పోగు వడకటం కష్టమైనా, ఇతర పాలిమర్లతో కలిపితే సాధ్యమే. ఐ.ఐ.టి. హైదరాబాదులో నానోపోగులపై పరిశోధన జరుగుతున్నది. ముడిసరుకు, విద్య, నేత సంప్రదాయం మూడూ ఒకే చోట ఉన్నాయి. లోపించినది ప్రయోగశాలకూ జిల్లా ఆసుపత్రికీ మధ్య వంతెన. ప్రవాసాంధ్రులు తమ ఊళ్లకు చేయదలచిన సహాయంలో ఖరీదైన కట్ల పెట్టెల కంటె, పాదాల క్లినిక్కులకు, అక్కడ జరిగే నిజాయితీగల పరీక్షలకు ఇచ్చే విరాళం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంటిలో చేయదగినది

చివరిగా ఒక గృహవిషయం. మాంచెస్టర్ ప్రాంతంలో జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో దక్షిణాసియా మధుమేహ రోగులకు పాదాల పుండ్లు ఐరోపీయుల కంటె తక్కువగా కనిపించాయి. ఇది సంతోషకరమే గాని, ఏమరుపాటుకు అనుమతిపత్రం కాదు. స్పర్శ తెలియని పాదానికి కట్టు కంటె ముందు కావలసినది భారం తగ్గించటం. అడుగున పుండు పడితే ఆ పాదంపై బరువు పడకుండ చేసే ప్రత్యేక పాదరక్షలు, పట్టీలు లేనిదే ఏ నానోపోగూ దానిని మాన్పలేదు.

స్వదేశం నుండి చలికాలంలో వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు గది హీటరుకు పాదాలు ఆనించి కూర్చోవటం, పడకలో వేడినీటి సంచిని కాళ్ల దగ్గర పెట్టుకోవటం తెలుగు ఇళ్లలో సాధారణ దృశ్యం. మొద్దుబారిన పాదానికి కాలినది కూడ తెలియదు. ఉదయం మేజోడు విప్పినప్పుడు బొబ్బ కనిపిస్తుంది, వారు పిల్లలకు చెప్పటానికి మొహమాటపడతారు, వారం గడుస్తుంది. పెద్దల కాళ్లకు నమస్కరించే సంప్రదాయం తెలుగువారిది. వంగినప్పుడు ఆ పాదాలను ఒక్కసారి తేరిపార చూడటం, వేళ్ల సందులు గమనించటం, సందేహం కలిగితే ఆ రోజే డాక్టరుకు చూపటం — దీనికి ఏ పేటెంటూ అవసరం లేదు.

నాటింగ్‌హామ్ ప్రయోగశాలల్లో పోగు ఇంకా సన్నబడుతుంది, తప్పక సన్నబడాలి కూడ. ఏదో ఒకనాడు అది సాదా గుడ్డను న్యాయంగా ఓడిస్తుంది. ఆ రోజు వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడ, పుండును మొదట చూడవలసినది ఇంటివారి కన్ను.